డిక్రీ వచ్చిన తరువాత



ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చును అను సామెత మీరందరును విన్నదే. వ్యాజ్యమునకైన ఖర్చులను దలచుకొని మనము సాధారణముగా ఈ మాట చెప్పుచుందుము. కాని దానియందు వేరొక సత్యము కూడ ఇమిడియున్నది. గెలిచినవానికి కోర్టువారిచ్చునది ధనము కాదు. ధనము రావలసియున్నదని వ్రాసిన కాగితము. ఆ కాగితమును రూపాయలుగా మార్చుకొను పని వేరు. ఆ పనికి మరియొకరి సహాయమును కూలికి దెచ్చుకొనవలెనా, తానే చేసికొనవలెనా యను ప్రశ్న, మొత్తము పెద్దదైనపుడు అంతగా బాధింపదు. లక్ష రూపాయల డిక్రీకి వకీలును పెట్టుకొనుటకు ఎవరును వెనుదీయరు. చిక్కంతయు చిన్న డిక్రీతోనే. రావలసినది కొంచెము, రాబట్టుటకు వలయు శ్రమ మాత్రము పెద్ద డిక్రీకెంతయో దీనికిని అంతయే. ఈ చిక్కు మన దేశమున ఎట్లు ఏర్పడినదో, మా యింటిలో నొకమారు దానిని ఎట్లు తేల్చుకొనిరో నేడు మీకు విన్నవించెదను.

పూర్వకాలమున తీర్పునకును వసూలునకును నడుమ ఇంత దూరము లేకుండెను. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున ఋణము రాబట్టుటకు ఐదు ఉపాయములు చెప్పబడినవి. ధర్మము, వ్యవహారము, ఛలము, ఆచరితము, బలము అని వాని పేర్లు. వీనిలో వ్యవహారమను నొక్కదానికే రాజసభతో పని. తక్కిన నాలుగును అప్పిచ్చినవాని చేతిలోనివి. తన సొమ్మును తానే రాబట్టుకొన్నవానిని రాజు తప్పుపట్టరాదనియు అచటనే చెప్పబడినది.

13వ శతాబ్దాంతమున మన తూర్పుతీరమును గూర్చి వ్రాసిన వెనీసు వర్తకుడు మార్కోపోలో పేరు మీరు వినియుందురు. మోటుపల్లి రేవును, ఆ దేశము నేలుచుండిన రాణిని గూర్చి ప్రశంసించినవాడు ఆయనయే. దానికి దక్షిణమున మాబారు దేశమునందలి యాచారము నొకదానిని ఆయన వర్ణించెను. పలుమారులడిగినను బాకీదారుడు రేపు మాపని త్రిప్పుచున్నచో, అప్పిచ్చినవాడు సమయము కనిపెట్టి వానిచుట్టు నేలపై గీత గీయునట. బాకీ తీర్చియో, తగిన పూచీ యిచ్చియో గాని వాడా గీత దాటరాదు; దాటినచో ప్రాణముమీదికి వచ్చును. ఒక పరదేశవర్తకుడు ఆ దేశపు రాజునకే, ఆయన గుర్రముపై నుండగా, గీత గీసెననియు, వర్తకుని తృప్తిపరచువరకు రాజు కదలలేదనియు, దానిని తాను కన్నులార చూచితిననియు మార్కోపోలో వ్రాసెను. గీత గీయుటకు వకీలక్కరలేదు; స్టాంపు అక్కరలేదు. బాకీదారుడు ఎప్పుడు ఏ వీథిని వచ్చునో తెలిసియుండిన చాలును. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని కలదు.

మరియొక పద్ధతి ధర్నా. ఇప్పుడు ధర్నా యనగా కచేరీల యెదుట గుమిగూడి కూర్చుండుటయే మనకు స్ఫురించును. మొదట అది బాకీ రాబట్టు సాధనము. అప్పిచ్చినవాడు బాకీదారుని గుమ్మమున నిరాహారుడై కూర్చుండును. ఆ పాపము తనకు చుట్టుకొనునను భయముచే ఇంటివాడు బాకీ తీర్చును. తాము కూర్చుండలేనివారు తమ తరపున బ్రాహ్మణునొకనిని కూర్చుండబెట్టుటయు కలదు. వసూలునకు కూలిసహాయము కుదుర్చుకొనుట కోర్టులతో పుట్టినది కాదని దీనివలన తెలియుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతిలో 508వ సెక్షను దైవకోపభీతి చూపి పనులు చేయించుకొనుటను నేరముగా చేసెను. గుమ్మమున ధర్నా కూర్చుండుటనే దానికి ఉదాహరణముగా నిచ్చిరి.

ఈ విధముగా అప్పిచ్చినవాని చేతిని బాకీదారుని మెడమీదినుండి తొలగించి, ఆ పనిని ప్రభుత్వము తన బంట్రోతులకు ఒప్పగించినది. చెన్నపట్టణపు రాజధానిలో మన్రోగారి కృషిచే 1816లో పుట్టిన రెగ్యులేషనులు గ్రామమునసబునకు పది రూపాయలలోపు తగవులను తీర్పజెప్పు నధికారమిచ్చెను. అచట తీర్పరియు, వాదియు, ప్రతివాదియు ఒకే చెరువు నీరు త్రాగువారు. ఎవరికేమి కలదో అందరికిని తెలియును. అంతకు మించిన మొత్తములకు జిల్లా మునసబు కోర్టులేర్పడెను. తరువాత 1859లో సివిలు విచారణ పద్ధతులన్నియు ఒక కోడుగా కూర్పబడెను. అది 1882లో మారి, 1908లో మరల వ్రాయబడి, సవరణలతో నేటికిని అమలులోనున్నది. నైజాము రాష్ట్రమున శాసనములు వేరుగా నుండెను. ఈ కోడు అచటి తెలుగువారికి 1951లో వర్తించెను.

ఈ కోడునందలి 21వ ఆర్డరు డిక్రీల అమలును గూర్చినది. ఆ కోడున కెల్ల అదియే మిక్కిలి పొడవైన భాగమని చెప్పిన చాలును. అమీనా వచ్చును, జప్తు చేయును, దండోరా వేయించును, వేలము వేయును. ఇన్ని చేయు కోర్టు ఒక్కపని మాత్రము చేయదు. ప్రతివాదికి ఏమున్నదో, ఎక్కడ నున్నదో అది తనంతట వెదకదు. ఇది జప్తు చేయుడని డిక్రీదారే వ్రాసి యడుగవలెను. అమీనా వెంటబోయి ఇదియే ఆ సొమ్మని చూపవలెను. తప్పు చూపినచో మూడవవాడు క్లెయిము పిటిషను తెచ్చును.

1872లో లండను ప్రైవీకౌన్సిలు న్యాయమూర్తులు దర్భంగా సంస్థానపు వ్యాజ్యమొకటి విచారించుచు, హిందూదేశమునందలి వాది కష్టములు డిక్రీ పొందిన దినమున ప్రారంభమగునను భావమున నొకమాట వ్రాసిరి. నాటినుండి నేటివరకు ఆ మాటను తమ తీర్పులలో ఎత్తి చూపని హైకోర్టు లేదు. అంతటి సంస్థానపు వ్యవహారమునందే ఆ మాట పుట్టినచో, నూరు రూపాయల డిక్రీదారుని సంగతి చెప్పనేల?

చిన్న డిక్రీదారునకు మరియొక యిబ్బంది. స్వల్పమొత్తములను త్వరగా తేల్చుటకై ఏర్పడిన స్మాలుకాజు విచారణలో పొందిన డిక్రీతో అదే కోర్టునుండి భూమిని జప్తు చేయింపవీలులేదు, చరాస్తిమీదికే పోవలెను. భూమిమీదికి పోవలెనన్న డిక్రీని వేరొక కోర్టునకు మార్పించుకొనవలెను. చరాస్తిలోనో, 60వ సెక్షను అడ్డువచ్చును. వ్యవసాయదారుని నాగలి, బ్రతుకుతెరువునకు కావలసిన పశువులు, విత్తనపుధాన్యము, అతడు కాపురముండు ఇల్లు, వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కబట్టలు జప్తునకు లోబడవు. ఇది న్యాయమే, కాదని నేననను. ఎద్దులు తోలుకొనిపోయిన వెనుక బాకీ తీర్చుట కెవడు మిగిలియుండును? కాని పల్లెటూరి బాకీదారుని ఇంట ఈ జాబితాలోనివి తీసివేయగా మిగులునది మిక్కిలి స్వల్పము. మిగిలినది ఎచట నున్నదో తెలిసికొనుటయే అసలు విద్య.

ఆ విద్యను అమ్ముకొనువారు కోర్టుల చుట్టును మొలకెత్తిరి. కొందరు డిక్రీలను తక్కువ వెలకు కొని తమ పేర వ్రాయించుకొనువారు; కొందరు వచ్చినదానిలో వాటా పుచ్చుకొనువారు. ఇతరుల వ్యాజ్యములో పెట్టుబడి పెట్టి పంచుకొనుటను నాటి ఇంగ్లీషు ధర్మము నేరముగా నెంచెడిది. ఆ కఠినధర్మము హిందూదేశమునకు వర్తింపదని 1876లో ప్రైవీకౌన్సిలు తీర్మానించెను. లేనివానికి పెట్టుబడి పెట్టువాడు లేకున్న న్యాయమే దొరకదు గనుక అట్టి ఒడంబడిక తనంతట దోషయుక్తము కాదనియు, కాని అది అన్యాయమైన దోపిడిగా నున్నచో న్యాయస్థానము దానిని చెల్లనీయదనియు దాని సారాంశము. వకీళ్ల సంగతి వేరు. ఫలములో వాటా కోరుట వారి వృత్తిధర్మమునకు విరుద్ధము; 1954లో మన సుప్రీముకోర్టు ఒక పెద్ద అడ్వొకేటును గూర్చిన తీర్పులో దీనిని స్పష్టపరచెను. కావున వాటా యడుగువాడు వకీలు కాడు, లేక వృత్తిధర్మము నెరిగిన వకీలు కాడు.

ఇక మా యింటి సంగతి.

మా పెద్దమేనత్త చిన్నతనముననే భర్తను కోల్పోయినది. కృష్ణా డెల్టాలో మా యూరిలోనే ఆమెకు కొంచెము భూమి యుండెను. దున్నించు దిక్కులేక దానిని కౌలునకిచ్చి, 1930లో దుక్కిటెద్దుల జతను పొరుగూరి రైతునకు 120 రూపాయలకు అమ్మి, ప్రామిసరీనోటు వ్రాయించుకొన్నది. ధాన్యపుధర కూలిపోయిన సంవత్సరములవి. ఆ రైతు దుర్మార్గుడు కాడు, చేత డబ్బులేనివాడు. అడుగగా అడుగగా విసుగుపుట్టి ఆమె దావా వేసినది. 1931 చివర డిక్రీ వచ్చెను. అసలు 120, వడ్డీ 14, ఖర్చులు 16, వెరసి 150 రూపాయలు. మా నాన్నగారి లెక్కలపుస్తకము నేటికిని నాయొద్దనున్నది. ఈ అంకెలు అందులోనివే. తక్కినది ఆయన నోటను, అత్త నోటను పలుమారులు వింటిని.

సంక్రాంతి వెళ్లిన వారమునకు ఒక దళారి ఇంటికి వచ్చెను. కోర్టు ఆవరణములో చెట్టుక్రింద దినమంతయు గడపు మనిషి. అత్త గుమ్మములోపల నిలువబడి వినుచుండెను. అతడు రెండు బేరములు చెప్పెను. మొదటిది, ఏబది రూపాయలు రొక్కముగా నిచ్చి డిక్రీ తన పేర వ్రాయించుకొనుట. రెండవది సగపాలు.

"అమ్మగారూ, మీకు దమ్మిడీ ఖర్చు లేదు. స్టాంపు నాది, బత్తా నాది, తిరుగుడు నాది. వచ్చినదానిలో సగము మీది. రాకున్న నష్టము నాదే. ముక్త్యారునామా మీద ఒక్క సంతకము చేసినచో చాలును. తొందరపడుడు, ఆలస్యమైన కొలది మీకే చెరుపు" అనెను. మరియు, అవసరమైనచో అరెస్టు వారంటు తెప్పింతుననియు, చెరసాల పేరెత్తినంతనే పల్లెటూరివాడు ఆలి మెడలోని గొలుసైనను తెచ్చి యిచ్చుననియు చెప్పెను.

అందుకు మా యత్త యిచ్చిన ప్రత్యుత్తరము మా యింట సామెతవలె నిలిచిపోయినది. నాటి కోడు ప్రకారము ఏబది రూపాయలు దాటిన డిక్రీకి బాకీదారుని ఆరుమాసములవరకు చెరయందుంచవచ్చును. కాని లోపల వాని తిండిఖర్చు డిక్రీదారే కట్టవలెను. "వాడు లోపల కూర్చుండి నేను పంపిన బియ్యము తినుచుండగా, వాని పొలము దున్ని నా బాకీ తీర్చునదెవరు నాయనా?" అని యామె అడిగినది. దళారి నవ్వి, సగపాలు బేరము నిలిచియున్నదని చెప్పి వెడలిపోయెను.

మా నాన్నగారు ఆ బేరమును తేలికగా త్రోసివేయలేదు. ఆయన పుస్తకములో ఒక పుటయందు రెండు వరుసలు వేసియున్నవి. ప్లీడరును పెట్టినచో పదిరూపాయల ఫీజు, స్టాంపు, బత్తా, గుమాస్తా మామూలు కలసి 14 రూపాయలు. ఇవి బాకీ వచ్చినను రాకున్నను పోవునవి. దళారికిచ్చినచో చేతినుండి పోవునది లేదు. వచ్చినచో 75 పోవును. విధవరాలైన అప్పగారికి 14 రూపాయలనగా ఇంటిలోని ధాన్యమమ్మవలసినదే. పోగొట్టుకొనగల శక్తి లేనివానికి సగపాలు బేరము ఎప్పుడును మోసముగానే కనబడదు, ఆశ్రయముగా కూడ కనబడును. ఈ సంగతి పట్టణములలో కూర్చుండి దళారులను తిట్టువారికి తెలియదు.

నాన్నగారిని ఆపినది సగపాలు కాదు, ముక్త్యారునామా. అందులో కోర్టునుండి సొమ్ము పుచ్చుకొను అధికారము, ప్రతివాదితో రాజీపడు అధికారము రెండును వ్రాసియుండెను. ముక్త్యారు పుచ్చుకొన్న సొమ్ము డిక్రీదారు పుచ్చుకొన్నట్లే లెక్క; బాకీదారునకు విడుదల వచ్చును. తరువాత అత్తకు మిగులునది దళారిమీద మరియొక దావా. నూట ఏబది రూపాయల డిక్రీని వసూలు చేసికొనలేక సహాయము కోరినవారు, సహాయకునిమీద డెబ్బదియైదు రూపాయల డిక్రీ తెచ్చుకొని దానిని మాత్రమెట్లు వసూలు చేయుదురు?

కాని ఆయన వెంటనే ప్లీడరునొద్దకు పోలేదు. పోయి ఏమని చెప్పవలెను? ప్రతివాది ఆస్తి యేదియని ప్లీడరు అడుగును. ఇల్లు, ఎద్దులు జప్తునకు రావు. ఆ ఎద్దులు అత్త అమ్మినవే. ఆమె బాకీకే అవి దొరకవు! భూమి రెండెకరములు, అదియు తాకట్టులో నున్నది. మీదుమిక్కిలి స్మాలుకాజు డిక్రీ. నాన్నగారు ఇరువది దినములు వారిని వీరిని విచారించుచు గడపిరి. తుదకు సమాధానము ఇంటిలోనే దొరకినది.

ఒకనాటి రాత్రి భోజనములవేళ అత్త, "తమ్ముడూ, పండుగకు ముందు వాని బండ్లు రెండు మన వీథినే బియ్యపుమరకు పోయినవి. ధర పెరుగునని సొమ్ము పుచ్చుకొనక మరలోనే నిలిపినాడట, వాని భార్యయే చెరువుగట్టున చెప్పినది" అనెను.

ఆ మాటకు నాన్నగారు చేయి కడుగుకొని లేచిరట. మరయజమానుడు ఆ రైతునకు ఇవ్వవలసిన సొమ్ము రైతు ఆస్తియే. దానిని చెల్లింపవద్దని కోర్టు మరయజమానునకు నిషేధపుటుత్తరువు పంపవచ్చును. యజమానుడు ఆ సొమ్మును కోర్టులో కట్టి విడుదల పొందవచ్చును. అమీనాతో తిరుగుడు లేదు, వేలము లేదు, ఎవరి కుండలును వీథిలో పడవు. మార్కోపోలో చూచిన గీతకును దీనికిని భేదము చాల తక్కువ. బాకీదారుడు ఏ వీథిని పోవుచున్నాడో కనిపెట్టియుండుటయే రెంటికిని మూలము. దళారి సగపాలునకు అమ్మజూపిన విద్య చెరువుగట్టున నీళ్లు ముంచుకొను ఆడువారియొద్ద ఊరకనే యుండెను. కోర్టు భాషలో దానిని దరఖాస్తుగా వ్రాయు నేర్పు మాత్రము ఇంటిలో లేదు. ఆ యొక్కపనికే నాన్నగారు ప్లీడరును కుదిర్చిరి. పది రూపాయలు ఫీజు. సొమ్ము కోర్టునుండి అత్తయే స్వయముగా పుచ్చుకొనునట్లు షరతు. ప్లీడరుగారు మర్యాదస్థులు, దానికి నొచ్చుకొనలేదు.

మరయజమానుడు 180 రూపాయలు కోర్టులో కట్టెను. ఇంతవరకు కథ సుఖముగా నడచినది. ఆ సొమ్ము జమయగుటకు నాలుగు దినములముందు, అదే ప్రతివాదిమీద 300 రూపాయల డిక్రీ గల బట్టలవర్తకుడొకడు అదే కోర్టులో అమలు దరఖాస్తు పెట్టియుండెను. 73వ సెక్షను ప్రకారము సొమ్ము కోర్టుచేతికి రాకముందే దరఖాస్తు పెట్టిన డిక్రీదారులందరును దామాషాగా పంచుకొనవలెను. వెదకి పట్టుకొన్నవారు ఒకరు, తినువారిద్దరు. వసూలు ఖర్చులక్రింద అత్తకు మొదట 6 రూపాయలు చెల్లి, మిగిలిన 174లో ఆమె వంతునకు 58, వర్తకుని వంతునకు 116 వచ్చెను.

దళారి తొందరపడుమని చెప్పినది ఇందుకేనా? కోర్టు రిజిస్టరులలో ఏ డిక్రీలున్నవో, ఎవరెప్పుడు దరఖాస్తు పెట్టబోవుచున్నారో అట్టివారికి తెలిసియుండును. ఆనాడే అతనిచే పని చేయించియుండినచో వర్తకునికంటె ముందుగా సొమ్ము కోర్టుకు చేరి, మొత్తము 150 రూపాయలును వచ్చి, సగపాలు పోయినను 75 మిగిలెడివి. మిగులునా, లేక ముక్త్యారునామాతోనే పోవునా యన్నది ఎవరు చెప్పగలరు? నాన్నగారు కడవరకు ఈ విషయమున నిశ్చయమునకు రాలేకపోయిరి. "ఇరువది దినములు తర్కించితివి తమ్ముడూ, దినమునకు నాలుగున్నర రూపాయలైనది" అని అత్త యెత్తిపొడుచుచుండెను. రాక తగ్గిన 92 రూపాయలను ఇరువదిచే భాగించి చూచినచో ఆమె లెక్క తప్పు కాదు.

తరువాతి సంగతులు వేగముగా చెప్పెదను. 1932 మొదలు 1936 వరకు ఆ రైతు మూడు పర్యాయములు ధాన్యము తెచ్చి కొలిచెను. వెరసి 70 రూపాయల విలువ. ప్రతిమారు నాన్నగారు పట్టుపట్టి ఆ చెల్లింపును కోర్టులో నమోదు చేయించిరి. కోర్టువెలుపల చెల్లించిన సొమ్మును కోర్టులో తెలుపకున్నచో డిక్రీని అమలుజరుపు కోర్టు దానిని గుర్తింపదు. ఇది బాకీదారుని రక్షణకు గదా, మనకెందుకని అడిగినవారితో నాన్నగారు, చెల్లించినదంతయు వ్రాసెదరను నమ్మకముననే అతడు మరల తెచ్చుచున్నాడనిరట. పొరుగూరివారైన ఆ యిద్దరికిని పలుకరింపులు చెడకుండుటకు ఈ కాగితములే కారణమని నేను తలంచుచున్నాను.

నాటినుండి శాసనములు చాల మారినవి. బీదయైన నిజాయతీపరుని బాకీకై చెరలో పెట్టరాదని 1936లో 51వ సెక్షనునకు సవరణ వచ్చెను. 1980లో జాలీ జార్జి వర్గీసుగారి కేసులో జస్టిసు కృష్ణయ్యరుగారు దానిని మరింత బలపరచిరి. రెండువేల రూపాయలు మించని డిక్రీకి చెర లేదని 1999 నాటి సవరణ చెప్పుచున్నది. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రైతుఋణములను తగ్గించు శాసనము చేసెను. నాడు అమలు దరఖాస్తునకు గడువు మూడేండ్లు. తప్పినచో డిక్రీ చచ్చెడిది. 1963 నాటి కాలపరిమితి చట్టమువలన సొమ్ము డిక్రీకి పండ్రెండేండ్లు గడువున్నది. ప్రతివాది తన ఆస్తివివరములను ప్రమాణపూర్వకముగా తెలుపవలెనని కోర్టుచే ఉత్తరువు చేయింపవచ్చును. 1976 సవరణ తరువాత దానిని ధిక్కరించినవానిని మూడుమాసములవరకు నిర్బంధింపవచ్చును. చెరువుగట్టు వార్త దొరకనివారికి ఇది కొంత ఆధారము. గ్రామమునసబు పదవులు మన రాష్ట్రమున 1984లో తొలగింపబడినవి. దళారుల పేర్లు జాబితా వేయించి కోర్టు ఆవరణమునుండి తొలగించు నధికారము 1879 నాటి వకీళ్ల చట్టములో నుండెడిది; దానిని 2023లో అడ్వొకేట్ల చట్టములోనికి చేర్చిరి. చెట్లు మారినను నీడలో కూర్చుండువారు ఉన్నారనియే దాని యర్థము.

అన్నింటికంటె మా యత్తవంటివారికి ఉపయోగపడునది 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము. దాని 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, మరికొందరికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయుదురు. ఆమె నేడున్నచో ఆ 14 రూపాయల వరుస నాన్నగారి పుస్తకములో నుండదు. అయినను జాప్యము తీరలేదు. అమలు దరఖాస్తులను ఆరుమాసములలో ముగింపవలెనని సుప్రీముకోర్టు 2021లో ఆదేశించెను. 2025లో లెక్క తీయగా దేశమున ఎనిమిది లక్షలకు పైగా అట్టి దరఖాస్తులు తేలక నిలిచియున్నట్లు బయటపడినది.

నాన్నగారి పుస్తకములో అత్త డిక్రీ లెక్క యొక పుటలో ముగియును. కోర్టునుండి 58, ధాన్యముగా 70, వెరసి 128. చేతినుండి పడిన ఖర్చు, వచ్చిన ఆరు రూపాయలు పోగా 8. నమోదు ఖర్చులు 2. నికరము 118 రూపాయలు, ఐదేండ్లమీద. డిక్రీలో ఇంకను 22 మిగిలియుండెను. దానికై మరల దరఖాస్తు పెట్టుదమా యని నాన్నగారు అడిగిరట. ఆ రైతు పెద్దయెద్దు ఆ యేటనే చచ్చినది. అత్త ఏమియు చెప్పక, ప్రామిసరీనోటు నకలును డిక్రీ కాగితమును పెట్టెలోని చీరలమడతల క్రింద పెట్టివేసినది. లెక్క క్రింద నాన్నగారి చేవ్రాతతో "22 రూ. అక్కయ్య వదలినది" అని యొక్క పంక్తి మాత్రమున్నది.